అసలు రూపం

2025 ఆగస్టు 12న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతాలలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాల, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాల యజమానులపై వయసు ఒక్కటే కారణంగా బలవంతపు చర్యలు తీసుకోవద్దన్నది దాని సారాంశం. దానిపై వ్యాఖ్య రాయడానికి కూర్చున్నాను. రెండు పేరాలు కూడా పూర్తికాకముందే విజయవాడ ఆటోనగర్ నుంచి మేస్త్రీ ఫోన్ చేశాడు.

"సార్, బోరింగ్ షాపు వాళ్లు అడుగుతున్నారు. బోరు కొట్టించమంటారా, లైనర్లు వేయించమంటారా? ఇవాళే చెప్పాలి."

ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఉత్తర్వు మీద వ్యాసం ఆ రోజు రాయలేదు, ఆ తరువాతా రాయలేదు. విజయవాడకు ఆ ఉత్తర్వుతో సంబంధం లేదన్న మాట నిజమే. అయినా పాత కారు విషయంలో ప్రభుత్వానికీ పౌరునికీ నడుమ ఏమి జరుగుతుందో నాకు ఆ ఉత్తర్వు కంటే మేస్త్రీ ప్రశ్నలోనే ఎక్కువ కనిపించింది.

కారు 1974 నాటి అంబాసిడర్ మార్క్ 2. తొలి రిజిస్ట్రేషన్ నీటిపారుదల శాఖ పేరిట జరిగింది. మా నాన్న ఆ శాఖలో డ్రైవరు. కారు కొత్తగా వచ్చిన రోజు నుంచి, 'పనికిరాదు' అని రాసి పక్కన పెట్టిన రోజు వరకు దాన్ని నడిపింది ఆయనే. 1989లో శాఖ వేలం వేస్తే భవిష్యనిధి నుంచి అప్పు తీసుకుని కొన్నారు. ఇప్పుడాయనకు ఎనభై నాలుగేళ్లు.

అమెరికాలో మజిల్ కారు అని ఒక జాతి ఉంది. 1964లో పాంటియాక్ జీటీఓతో ఆ పేరు స్థిరపడింది. ఓ మోస్తరు కారులో ఆరు లీటర్లకు పైబడిన వి-8 ఇంజను పెట్టి, మూడు వందల పైచిలుకు అశ్వశక్తితో రోడ్డు మీదకు వదిలారు. ఆ కార్లను ఇంజనుతో సహా విప్పి మళ్లీ కట్టుకోవడం అక్కడివారికి ఒక వ్యసనం. మన అంబాసిడర్‌కు ఉన్నది యాభై చిల్లర అశ్వశక్తి. కండలు లేవు. కానీ దానిని చూసి జనం దారి వదిలిన తీరు ఏ వి-8 ఇంజనుకూ దక్కి ఉండదు. దాని బలం బానెట్ కింద కాదు, పైకప్పు మీది ఎర్రబుగ్గలో ఉండేది. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడికి వచ్చిన ఉగ్రవాదులు ఎంచుకున్న వాహనం కూడా తెల్ల అంబాసిడరే. హోంశాఖ నకిలీ స్టిక్కరు, పైన ఎర్రబుగ్గ ఉన్న ఆ కారు ఆవరణలోకి సులభంగా ప్రవేశించింది. ఆ తరువాత చాలాకాలం ఢిల్లీలో తెల్ల అంబాసిడర్ ఎదురైనప్పుడల్లా నా చూపు ముందుగా దాని అద్దం మీది స్టిక్కరు వైపు వెళ్లేది. 2017 మే 1 నుంచి ఎర్రబుగ్గలు తీసేశారు. అప్పటికి ఆ కారే లేదు. బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారం 2014 మే 24న ఆగిపోయింది. రెండు వేలకు పైగా కార్మికులు గేటు బయట నిలిచిపోయారు. 2017లో ఆ పేరును ప్యూజో సంస్థ 80 కోట్ల రూపాయలకు కొన్నది. పేరుకు ధర పలికింది.

నాన్నకు మాత్రం అంబాసిడర్ అంటే అధికారం కాదు, ఎదురుచూపు. వెనుక సీటు మీద తెల్లని తువ్వాలు పరచడం, కిటికీలకు తెరలు సరిచేయడం, అయ్యగారు దిగినచోట ఎంతసేపైనా నిలబడడం ఆయన కొలువు. మూడు పూటలా పసుపుపచ్చ గుడ్డతో తుడిచిన ఆ కారు వెనుక సీటులో, తుడవడానికి తప్ప, ఆయన ఎన్నడూ కూర్చోలేదు. ఒకసారి నాకు జ్వరం తీవ్రమైనప్పుడు కూడా నన్ను అద్దె సైకిలు మీదే ఆసుపత్రికి తీసుకెళ్లారు. కారు ఇంటి ముందరే ఉంది. "లాగ్‌బుక్కులో ఏమని రాయను?" అన్నది ఆయన సమాధానమని అమ్మ చెప్పేది.

ఆ లాగ్‌బుక్కు గురించి ఒక మాట. తేదీ, బయలుదేరిన చోటు, చేరిన చోటు, మీటరు అంకెలు, పోయించిన పెట్రోలు, ప్రయాణ కారణం, అధికారి సంతకం. కూరగాయల బజారుకు వెళ్లినా, అయ్యగారి బావమరిది పెళ్లికి వెళ్లినా, కారణం గడిలో నాన్న 'అధికారిక పర్యటన' అనే రాయవలసి వచ్చేది. అబద్ధం రాసింది ఆయన చేయి, కింద సంతకం ఇంకొకరిది. ఆడిట్‌లో ప్రశ్న వస్తే నిలబడవలసింది మాత్రం చేయి. ప్రభుత్వ ధనం దుర్వినియోగం గురించి నేను ఇన్నేళ్లుగా రాసిన వార్తలన్నిటి వెనుకా, నిజం చెప్పాలంటే, ఆ ఒక్క గడి ఉంది.

1982లో ఎన్టీ రామారావు గారు పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్చుకుని ఊళ్ల మీదకు వచ్చినప్పుడు, నాన్న తన అంబాసిడర్‌ను రోడ్డు దింపి దారి ఇచ్చారట. "మన బండి పక్కకు జరగడం అదే మొదటిసారి" అని ఇప్పటికీ చెబుతారు. ఆ మాటలో ఆనందం ఉందో చిన్నబుచ్చుకోవడం ఉందో నాకు ఎప్పుడూ అంతుచిక్కలేదు.

పి.వి. నరసింహారావు గారి ప్రభుత్వం 1993లో కార్ల తయారీకి లైసెన్సు నిబంధన ఎత్తివేసింది. మరుసటి ఏడాది నాన్న తన కారులోని పెట్రోలు ఇంజనును దింపి డీజిల్ ఇంజను ఎక్కించారు. ఈ రెండింటికీ కార్యకారణ సంబంధం అంటగట్టడానికి లోపలి పాత్రికేయుడు ఉబలాటపడతాడు గానీ, అసలు కారణం చిన్నది. పెట్రోలు ఖరీదు, ముందున్న పెళ్లిళ్లు. కారును కిరాయికి తిప్పితేనే అప్పు తీరుతుంది. ఇంజను మార్పును రవాణా కార్యాలయంలో ఆర్సీ మీద నమోదు చేయించారు. ఆయన అలాంటి మనిషి. దింపిన ఇంజనును గ్రీజు పూసి, గోనెసంచులు చుట్టి, తెనాలి పక్కన మా ఊళ్లోని గొడ్లచావిడిలో పెట్టారు. పదిహేనేళ్లు తిరిగి కారు ఆగిపోయింది. గొడ్లు పోయాయి, చావిడి కూలింది. ఇంజను మాత్రం అక్కడే ఉంది.

2023 శీతాకాలంలో దాన్ని బయటికి తీయించాను. ఎందుకు అంటే పెద్ద కారణం లేదు. అమ్మ పోయిన తరువాత నాన్న మాట్లాడడం తగ్గించారు. ఆయన మాట్లాడే విషయం ఏదైనా దొరుకుతుందేమో అనుకున్నాను.

ఆటోనగర్‌లో ఆ ఇంజను చూసిన మొదటి మనిషి నవ్వాడు. రెండో మనిషి తూకం వేస్తానన్నాడు. మూడోవాడు మా మేస్త్రీ. అరవై దాటిన వయసు, ఎడమచేతి చూపుడువేలు సగమే ఉంది. బ్లాకు పక్కన చెక్కిన నెంబరు మీద గ్రీజు తుడిచి, ఆర్సీతో పోల్చి చూసి, "ఇది ఈ బండి పుట్టినప్పటి ఇంజనే" అన్నాడు. ఆ తరువాత ఏడాదిన్నర ఆ ఇంజను ఆయన షెడ్డులోనే ఉంది. ఆయనకు తీరిక దొరకదు, నాకు సెలవు దొరకదు.

పిస్టన్లు నాలుగూ సిలిండర్లకు తుప్పుతో అతుక్కుపోయి ఉన్నాయి. హెడ్ విప్పి, కిరోసిను, బ్రేకాయిలు కలిపి సిలిండర్లలో పోసి వదిలేశాడు. వారానికోసారి చెక్కముక్క పెట్టి సుత్తితో తట్టి చూసేవాడు. బలంగా కొట్టేవాడు కాదు. "కొడితే పిస్టను పగులుతుంది, పగిలినా ఫరవాలేదు. బోరు గీసుకుపోతే బ్లాకు పోతుంది" అని వివరించాడు. మూడో వారం రెండో సిలిండరు కదిలింది. నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. "రెండోదా? మూడోది కదలదు. ఎనభై రెండులో గాస్కెట్టు పోయి దాంట్లోకి నీళ్లు దిగాయి" అన్నారు. మూడోది నిజంగానే మరో నెలన్నర మొండికేసింది. ఎనభై నాలుగేళ్ల వయసులో, పొద్దున ఏమి తిన్నారో గుర్తులేని మనిషి, ఆ సిలిండరు చరిత్ర అంతా చెప్పారు. తరువాత ప్రతి ఆదివారం ఆటో కట్టించుకుని షెడ్డుకు రాసాగారు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని క్రాంకు గ్రైండింగు ఎంత అయిందో, రింగులు ఎక్కడి నుంచి వచ్చాయో మేస్త్రీని అడిగేవారు. మేస్త్రీ ఆయనను 'బాబాయ్ గారూ' అని పిలవడం మొదలుపెట్టాడు. బాడీ గురించి చెప్పేదేమీ లేదు. తుప్పు గీకడం, పుట్టీ పెట్టడం, రంగు వేయడం. డబ్బు ఖర్చు తప్ప కథ లేదు.

కథంతా కాగితాల దగ్గర ఉంది.

2021 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ వింటేజ్ వాహనాలకు నిబంధనలు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటాలి. ఇరవై వేల రూపాయల రుసుము. నెంబరు పలకలో వీఏ అక్షరాలు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప రోజువారీ వాడకానికి వీల్లేదు. 2024తో మా కారుకు యాభై నిండాయి. ఇంతవరకు బాగానే ఉంది. కానీ వాహనం అసలు రూపంలో ఉండాలని, చాసిస్, బాడీ, ఇంజనులలో మార్పు సహా గణనీయమైన పునర్నిర్మాణం ఏదీ జరిగి ఉండరాదని ఆ నిబంధన చెబుతోంది.

మా ఆర్సీలో 1994 నాటి డీజిల్ ఇంజను నమోదై ఉంది. పుట్టినప్పటి ఇంజనును తిరిగి పెట్టాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కింద మార్పుకు అనుమతి కావాలి. అంటే అసలు రూపానికి రావడం కూడా చట్టం దృష్టిలో ఇంకొక మార్పు. ఒక రవాణా కార్యాలయంలో ఈ మాటే అడిగితే బ్రేకు ఇన్‌స్పెక్టరు సానుభూతిగానే విన్నాడు. "మీ నాన్నగారు అప్పట్లో నమోదు చేయించకుండా ఉంటే ఈ బాధ ఉండేది కాదు సార్" అన్నాడు. వ్యంగ్యం కాదు, ఓదార్పు. చట్టానికి చెప్పిన నిజం ముప్పై ఏళ్ల తరువాత అడ్డుపడుతోందని, చెప్పకుండా ఉంటే సుఖంగా ఉండేదని ఒక ప్రభుత్వోద్యోగి నాకు నచ్చజెప్పాడు. ఆ మాట నాన్నకు నేను చెప్పలేదు.

మేస్త్రీ ప్రశ్న దగ్గరకు వస్తాను. అంబాసిడర్ ఇంజను 1489 సీసీ. సిలిండరు అడ్డుకొలత 73.025 మిల్లీమీటర్లు. తుప్పు తిన్న గోడలను నున్నగా చేయాలంటే అంగుళంలో వెయ్యింట నలభై వంతులు, అంటే మిల్లీమీటరు పైచిలుకు, పెద్దవి చేయాలి. అప్పుడు ఇంజను దాదాపు 1531 సీసీ అవుతుంది. అలా కాకుండా ఇంకా ఎక్కువ కోసి, లోపల కొత్త ఇనుప గొట్టాలు దించితే, అవే లైనర్లు, అడ్డుకొలత మళ్లీ 73.025కు వస్తుంది. ఆర్సీలో అంకె సరిపోతుంది. మొదటి పద్ధతిలో లోహం పాతదే, అంకె కొత్తది. రెండో పద్ధతిలో అంకె పాతదే, పిస్టను తిరిగే గోడ మొత్తం కొత్తది. ఏది అసలు రూపం?

ఇంకో చిక్కు ఉంది. ఈ ఇంజను చేసిన రోజుల్లో పెట్రోలులో సీసం కలిపేవారు. వాల్వులు కూర్చునే చోటు త్వరగా అరిగిపోకుండా అది కాపాడేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం తీసేశారు. మంచి పనే చేశారు, పిల్లల మెదళ్లకు విషం తగ్గింది. 1994లోనే గోనెసంచిలోకి వెళ్లిన ఈ ఇంజను మాత్రం సీసం లేని పెట్రోలును చూడనే లేదు. ఇప్పుడు నడవాలంటే హెడ్‌లో గట్టి ఉక్కుతో వాల్వు సీట్లు కొత్తగా బిగించాలి. ఆపైన ఇథనాల్. ఇప్పుడు ఏ బంకుకు వెళ్లినా ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే. అది పాత రబ్బరును తినేస్తుంది. పెట్రోలు పైపులు, పంపులోని డయాఫ్రం మార్చాలి. కార్బురేటరును తిరిగి సర్దాలి. ప్రభుత్వం తన అవసరాల కోసం, అందులో కొన్ని సబబైనవే, నా ఇంజను తాగే పదార్థాన్ని రెండుసార్లు మార్చింది. దానిని తట్టుకోవడానికి ఇంజను మారితే అది అసలు రూపం కాదంటుంది. మారకపోతే అది నడవదు. నడవని కారు తుక్కు.

తుక్కు విషయంలోనూ ఒక సంగతి. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ ఉండదు. అవి వేలంలో మళ్లీ రోడ్డెక్కడానికి కాదు, తుక్కు కేంద్రానికి వెళ్లాలి. ఇవాళ మా నాన్న లాంటి డ్రైవరు, పదిహేనేళ్లు తాను తుడిచిన కారును కొనుక్కోలేడు. గాలి శుభ్రత దృష్టితో చూస్తే ఈ నిబంధనను నేను సమర్థిస్తాను. నవంబరులో ఢిల్లీలో బతికే ఎవరైనా సమర్థిస్తారు. నా కారు పొగకు మినహాయింపు ఇమ్మని నేను అడగను. శుద్ధి చేసే పరికరం ఏదీ లేని ఇంజను అది. లీటరు పెట్రోలుకు అది వదిలే పొగ ముందు కొత్త కారు సాధువు. నేను అడిగేది ఒక్కటే. పాతదైనందుకు పొమ్మంటున్నారా, పొగ వస్తున్నందుకు పొమ్మంటున్నారా, మారినందుకు పొమ్మంటున్నారా అన్నది చట్టం తేల్చి చెప్పాలి.

పాఠకులలో పాత పరిచయస్తులు ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. లైసెన్సు రాజ్యాన్ని తిడుతూ నేను రాసిన వ్యాసాలు తక్కువేమీ కాదు. మధ్యతరగతి మనిషి కారు కోసం ఏళ్ల తరబడి వరుసలో నిలబడిన కాలానికి ప్రతీకగా నేను ఎన్నిసార్లు వాడుకున్నానో, ఆ అంబాసిడర్ మీదే ఇప్పుడు ఇంత సొమ్ము పోస్తున్నాను. పోటీ లేదు కనుకే ఆ కారు దశాబ్దాల పాటు దాదాపు అదే ఇంజనుతో, అదే ఆకారంతో అమ్ముడుపోయింది. ఇందులో వెనక్కి తీసుకోవలసిన వాక్యమేదీ నాకు కనిపించలేదు. అయితే ఒకటి నేను ఎన్నడూ రాయలేదు. మారని ఆ కారు చుట్టూ లక్షలమంది చేతులకు ఒక విద్య వచ్చింది. పల్లెటూరి కమ్మరి సైతం దాని స్ప్రింగు పట్టీ సరిచేయగలిగాడు. ఆ విద్య ఏ రిజిస్టరులోనూ నమోదు కాలేదు. మేస్త్రీ కొడుకు ఇప్పుడు కార్ల షోరూములో కంప్యూటరు ముందు కూర్చుంటాడు. నెల జీతం, ఏసీ గది. సంతోషించవలసిందే. మేస్త్రీ సంతోషిస్తున్నాడు కూడా.

ఆ ఆగస్టు సాయంత్రం నాన్నకు ఫోన్ చేశాను. చట్టం చెప్పేది, అంకెల తేడా, లైనరు వేస్తే కాగితం మీద సుఖం, అన్నీ వివరించాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగారు: "అబ్బాయ్, గోడల్లో లోహం మిగిలిందా?"

"మిగిలిందట."

"మిగిలితే బోరే కొట్టించు. మా వర్క్‌షాపులో డెబ్భై తొమ్మిదిలో ఒకసారి ఇరవై కొట్టారు. ఆర్సీలో ఎవరూ రాయలేదు."

ప్రభుత్వమే తన కారును 1979లో మార్చుకుని, ఎక్కడా రాసుకోలేదన్నమాట. బోరే కొట్టించాము.

దీపావళి వెళ్లిన వారానికి ఇంజను కారులోకి దిగింది. సెల్ఫ్ తిరగలేదు. మేస్త్రీ ముందుభాగంలో హ్యాండిల్ దూర్చి తిప్పాడు. మూడుసార్లు ఏమీ లేదు. నాలుగోసారి దగ్గి ఆగింది. నాన్న కుర్చీలోంచే, "డిస్ట్రిబ్యూటరు ఒక్క గోరంత వెనక్కి తిప్పు" అన్నారు. తిప్పాడు. ఐదోసారి అంటుకుంది. తెల్లటి పొగ షెడ్డంతా కమ్మింది. పక్క షెడ్లవాళ్లు వచ్చి నిలబడ్డారు. ముప్పై ఏళ్లు మూగగా ఉన్న ఇంజను ఆ చప్పుడు చేస్తుంటే ఎవరూ ఏమీ అనలేదు. నాన్న తల కాస్త పక్కకు వంచి విన్నారు. "రెండో టాపెట్టు వదులుగా ఉంది" అన్నారు.

అనుమతి ఇంకా రాలేదు. దరఖాస్తు పరిశీలనలో ఉందని ఫోనుకు సందేశం వస్తోంది. వింటేజ్ గుర్తింపు దక్కకపోతే మామూలు కారుగానే రెన్యువల్ చేయించాలి. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఆ రుసుమును 2025 ఆగస్టులోనే పదివేలకు పెంచారు. కనుక రోడ్డు మీదకు తీసుకుపోలేదు. ఆటోనగర్‌లో ఒక పరిచయస్తుని ఖాళీ స్థలం ప్రహరీ లోపల, స్టీరింగు పక్కన గేరుతో తంటాలు పడుతూ నేను నడిపాను. బయలుదేరే ముందు వెనుక ఎడమ తలుపు తీసి పట్టుకున్నాను. సీటు మీద తెల్ల తువ్వాలు కూడా పరిపించాను. నాన్న ఆ తువ్వాలు కేసి, నా కేసి చూశారు. తలుపు తానే వేసి, ముందుకు వచ్చి, నా పక్క సీటులో కూర్చున్నారు. క్లచ్ మీద కాలు అలా ఆనించి ఉంచితే ప్లేటు కాలిపోతుందని తిట్టారు. ఆరు చుట్లు తిరిగాము.

దిగాక, "పుస్తకం ఏదీ?" అని అడిగారు. ఏ పుస్తకమో నాకు అర్థంకాలేదు. మేస్త్రీకి అర్థమైంది. షెడ్డులోంచి బిల్లుల పుస్తకం తెచ్చి, ఖాళీ పేజీ తిప్పి ఇచ్చాడు. నాన్న స్కేలు అడిగి తీసుకుని గడులు గీశారు. వణికే చేత్తో తేదీ వేశారు, మీటరు అంకెలు వేశారు. పెట్రోలు ఐదు లీటర్లు. ప్రయాణ కారణం గడి దగ్గర కలం కాసేపు ఆగింది. 'సొంత పని' అని రాశారు. పక్కనున్న సంతకం గడిలో తానే సంతకం చేసి పుస్తకం నా చేతికిచ్చి, ఆటో పిలవమన్నారు.